రహస్యం దాచుకోవాలంటే ఇల్లుండాలి

'ఎక్కడో అమెరికాల తీసిన సినిమాతోని మనకేం పని?' అని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిన ప్రశ్నే. బాన్సువాడకు సముద్రం చానా దూరం. మాకు తెలిసిన నీళ్ళు మంజీర నీళ్ళు, 1923లో మొదలుపెట్టి 1931 నాటికి పూర్తి చేసిన నిజాంసాగర్ నీళ్ళు. చేపలంటే మాకు అంగట్ల కత్తిపీట ముందేసుకుని కూచున్న ఆడవాళ్ళు గుర్తొస్తరు. అయినా 'బ్లో ద మ్యాన్ డౌన్' అనే సినిమాను మేం కొందరం ఒక గది గోడ మీద వేసుకుని రెండుసార్లు చూసినం. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం పక్కన ఒకరం తెలుగుల చెప్పుకుంట పోయినం. చూసినంక జరిగిన మాటలు ఆ సినిమాలోని ఊరి గురించి తక్కువ, మా ఊళ్ళ గురించి ఎక్కువ. ఈ వ్యాసం ఆ మాటల్లోంచి పుట్టింది.

ముందు సినిమా సంగతి. బ్రిడ్జెట్ సావెజ్ కోల్, డేనియల్ క్రూడీ అనే ఇద్దరు స్త్రీలు కలిసి రాసి, కలిసి తీసిన సినిమా ఇది. 2019లో న్యూయార్క్ లోని ట్రైబెకా చిత్రోత్సవంలో మొదట వేశారు. అక్కడ స్క్రీన్‌ప్లేకి బహుమతి వచ్చింది. 2020 మార్చిలో అమెజాన్ వాళ్ళు విడుదల చేశారు. కథ జరిగేది అమెరికా ఈశాన్యాన మెయిన్ రాష్ట్రంలో, ఈస్టర్ కోవ్ అనే చిన్న చేపల ఊర్లో. ఊరి పేరు కల్పితం గాని ఆ చలి, ఆ పడవలు, ఆ ఉప్పుగాలి కల్పితం కావు. ఆ రాష్ట్రంలోనే హార్ప్స్‌వెల్ అనే తీర గ్రామంలో తీశారు.

తల్లి అంత్యక్రియల రోజు కథ మొదలైతది. ప్రిసిల్లా పెద్దది, మేరీ బెత్ చిన్నది. తల్లి వదిలిపోయింది ఒక చేపల దుకాణం, కొన్ని అప్పులు, చేజారిపోయేటట్టున్న ఇల్లు. ఆ రాత్రే చిన్నది బాధల తాగి, ఒక పరాయి మగవాని కారెక్కుతుంది. కారు డిక్కీలో నెత్తురు, వెంట్రుకలు కనపడతయి. వాడు మీదికొస్తే చేపలు పొడిచే ఈటెతో పొడుస్తుంది, ఇటుకతో కొడుతుంది. అక్కాచెల్లెండ్లిద్దరూ ఆ శవాన్ని చేపలు కోసే కత్తితోనే కోసి, ఐసు పెట్టెలో కుక్కి, సముద్రంలో పడేస్తరు. మరునాడు నీళ్ళలో శవం తేలుతుంది. గాని అది వాని శవం కాదు. డీ అనే ఒక అమ్మాయిది. ఊరి అంచున 'ఓషన్ వ్యూ' అనే బస ఉంటుంది. పేరుకు అతిథులు దిగే ఇల్లు, లోపల నడిచేది సానికొంప. డీ అక్కడ పనిచేసే పిల్ల. ఆ ఇల్లు నడిపేది ఈనిడ్ అనే ముసలామె. మార్గో మార్టిన్‌డేల్ ఆ పాత్రను ఎట్ల చేసిందంటే, ఆమె కర్ర టకటకలాడించుకుంటూ వస్తుంటే మాకు మా దిక్కు దొరసానులు యాదికొచ్చినరు.

నేరాలు, చీకటి, ఎవరినీ నమ్మలేని మనుషులు ఉండే ఇట్లాంటి సినిమాలను 'ఫిల్మ్ నువార్' అంటారు. నల్ల సినిమా అని అర్థం. 1946లో నీనో ఫ్రాంక్ అనే ఫ్రెంచి విమర్శకుడు అప్పటి హాలీవుడ్ సినిమాలను చూసి ఈ మాట వాడినప్పటి నుంచి అది నిలబడింది. (ఇంకో సంగతి: నల్ల సినిమా అని పేరు పెట్టుకున్న ఆ పాత సినిమాల్లో నల్లవాళ్ళు గుమాస్తాల కింద, వంటమనుషుల కింద తప్ప కనిపించరు.) వాటిలో ఆడది మగవాన్ని ముంచే మాయలాడి. 1944 నాటి 'డబుల్ ఇండెమ్నిటీ' దానికి నమూనా. 'బ్లో ద మ్యాన్ డౌన్' దీన్ని తిరగేసింది. ఇందులో నేరం చేసేవాళ్ళు ఆడవాళ్ళు, దాచేవాళ్ళు ఆడవాళ్ళు, కనిపెట్టేవాళ్ళు ఆడవాళ్ళు. మగవాళ్ళు పడవల మీద నిలబడి పాత సముద్రపు పాటలు పాడుతుంటరు. పోలీసుల్లో ఒకడు అమాయకుడు, ఇంకొకడు అమ్ముడుపోయినవాడు. స్త్రీవాద విమర్శకులకు ఈ సినిమా నచ్చడంలో వింతలేదు. మాకూ నచ్చింది. గాని ఎక్కడ నచ్చిందో ఎక్కడ గుచ్చుకున్నదో విడదీసి చెప్పాలె.

మొత్తం సినిమాకు ఆయువుపట్టు ముగ్గురు ముసలమ్మలు. సూసీ, గెయిల్, డోరీన్. చర్చికి పోతరు, చావింటికి వంటలు తెస్తరు, అల్లికలు అల్లుతరు. మర్యాదస్తులు. ఓషన్ వ్యూ మూసెయ్యాలని ఈనిడ్ మీద ఒత్తిడి తెచ్చేది కూడా వీళ్ళే. సినిమా నడుస్తుంటే మెల్లగ బయటపడే సంగతి ఏమంటే, ఆ ఇల్లు నిలబడింది కూడా వీళ్ళ అండతోనే, చచ్చిపోయిన ఆ తల్లి అండతోనే. ఎందుకు? ఒడ్డుకొచ్చిన పడవల మగవాళ్ళు తమ ఆడపిల్లల జోలికి రాకుండా ఉండాలని. మా పిల్లలు క్షేమంగా ఉండాలంటే ఎక్కడో కొందరు పిల్లలు ఉండాలె, వాళ్ళు మా పిల్లలు కాకూడదు - ఇదీ లెక్క.

ఈ చోట మేం సినిమా ఆపినం. ఆపక తప్పలేదు. ఎందుకంటె ఈ లెక్క మాకు కొత్త కాదు.

నిజామాబాద్ జిల్లా (బాన్సువాడ 2016 నుంచి కామారెడ్డి జిల్లాలో ఉన్నది) జోగిని వ్యవస్థకు పేరుపడ్డ నేల. మాల, మాదిగ వాడల్లోంచి చిన్నపిల్లను ఎంచి ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి పెండ్లి చేస్తరు. ఊరికి అరిష్టం రావద్దని, రోగాలు రావద్దని, వానలు పడాలని చెప్తరు. పిల్ల పెద్దమనిషి అయినంక దేవత పక్కకు పోతది, ఊరి పెద్దలు ముందటికి వస్తరు. జాతరలో ఆడాలె, శవం ముందు ఆడాలె, పిలిచిన ఇంటికి పోవాలె. రాయలసీమ దిక్కు బసివి, చిత్తూరు దిక్కు మాతమ్మ - పేర్లు మారుతయి గాని పిల్లలు వచ్చే వాడ మారదు. 1980లలో హేమలతా లవణం, ఆమెతో కలిసిన కార్యకర్తలు ఈ జిల్లాలో పనిచేశారు. వర్నిలో చెల్లి నిలయం పెట్టి జోగినులకు నీడ, చదువు, పని చూపించారు. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం వచ్చినంక ఆచారం తగ్గింది గాని, ఆ బతుకు బతికిన ఆడవాళ్ళు చట్టం రాగానే మాయమైపోలేదు. వాళ్ళు ఇంకా మా మధ్యనే ఉన్నరు.

అయితే ఈస్టర్ కోవ్, మా ఊరు ఒకటేనా? కాదు. అక్కడ కనిపించేవాళ్ళు దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఓషన్ వ్యూలో పనిచేసే పిల్ల అనుకుంటే బస్సెక్కి ఇంకో ఊరికి పోవచ్చు, అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలవదు. కులం అట్ల వదలదు. జోగిని బిడ్డ ఎక్కడికి పోయినా బడి రిజిస్టరులో తండ్రి పేరు గడి ఆమె కంటె ముందే అక్కడికి చేరుకుంటుంది. అందుకే పోలిక పెట్టేటప్పుడు జాగ్రత్తగ ఉండాలె. పోలిక మనుషుల్లో లేదు, ఏర్పాటులో ఉంది. ఊరి లోపల పవిత్రత నిలబడాలంటే ఊరి అంచున ఒక ఇల్లు కావాలె. ఈ నిజాన్ని ఆ ఇద్దరు దర్శకులు తెలిసే చూపించారు. ఆ ఏర్పాటును కాపాడేది మగవాళ్ళ బలం ఒక్కటే కాదు, మర్యాదస్తులైన ఆడవాళ్ళ మౌనం కూడా అని చెప్పడం మామూలు ధైర్యం కాదు. మన స్త్రీవాద సాహిత్యం ఆ మాటను ఎంత కష్టంగ పలికిందో గుర్తు తెచ్చుకోండి. 1995లో గోపాల్ గురు దళిత స్త్రీలు వేరుగా మాట్లాడుతున్నారని ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసినప్పుడు ఎంత చర్చ జరిగింది! స్త్రీలందరూ ఒకటే అన్న మాట ఎవరి నోట వస్తున్నది, ఆ ఒకటిలో ఎవరి వంతు ఎంత అని అడగడమే అప్పటి గొడవ.

'మా ఆడపిల్లల రక్షణ' అనే మాట ఎంత దూరం పోగలదో మనకు చుండూరు చెప్పింది. 1991లో అక్కడి గొడవకు మొదలు కూడా ఒక సినిమా హాలే. దళిత యువకుని కాలు ముందు సీటులోని అగ్రకులపు మనిషికి తగిలిందన్నది ఆ మొదలు. ఆ తర్వాత 'మా ఆడవాళ్ళను అల్లరి పెడుతున్నరు' అన్న మాట జత అయింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సినిమా గురించి రాస్తూ చుండూరు ఎందుకు తెస్తరు అంటే, రక్షణ అనే ఆ మాట తెర మీద ముసలమ్మల నోట తియ్యగ వినబడుతుంటే మాకు కాల్వ గట్లు యాదికొచ్చినయి, అందుకు.

ఇప్పుడు మాకు గుచ్చుకున్న చోటు. నువార్ సినిమా అంతా రహస్యం మీద నడుస్తది. ఎవరికి ఏం తెలుసు, ఎవరు ఏం దాస్తున్నరు అన్నదే అందులో సరుకు. అక్కాచెల్లెండ్లు రహస్యం దాచగలిగినరంటే ఏముంది వాళ్ళ దగ్గర? ఒక ఇల్లు ఉంది. తలుపు ఉంది. నెత్తురు కడిగినా ఎవరూ అడగని చేపల దుకాణం ఉంది. తల్లి పేరు ఉంది. తల్లి స్నేహితురాళ్ళు ఉన్నరు. అమాయకుడైన ఆ పోలీసుకు పెద్దమ్మాయి మీద మనసు ఉంది. ఇవన్నీ ఆస్తులే. చివరికి ఆ ఐసు పెట్టె ఆ ముసలమ్మల్లో ఒకామెకే దొరుకుతుంది, ఆమె ఏమీ అనదు. ఊరు తన పిల్లలను తను దాచుకుంటది. ఇది స్త్రీల ఐక్యత అని చాలామంది మెచ్చుకున్నరు. మాకు మాత్రం కుల సంఘం తీర్పు లెక్క కనిపించింది. మనోళ్ళు కాబట్టి కప్పేద్దాం అనడం.

డీకి ఇవేవీ లేవు. మనకు ఆమె ముఖం పరిచయమయ్యేది ఎక్కువ శవంగనే. ఆమె ఏ ఊరు, ఎవరి బిడ్డ, ఎందుకు వచ్చింది అని సినిమా నిలబడి అడగదు. సినిమా అంత తెలివిగ ఏర్పాటును బయటపెట్టి, మళ్ళీ కెమెరాను తీసుకుపోయి ఇల్లున్నవాళ్ళ చేతిలోనే పెట్టింది. అక్కాచెల్లెండ్లు పట్టుబడొద్దు అని మనం గుండె చేతిల పట్టుకుని చూస్తం. డీని చంపిందెవరు అన్నది వాళ్ళ కథలో ఒక మెలిక అయి మిగులుతది.

జోగిని బతుకుతో పెట్టి చూస్తే ఈ తేడా ఇంకా పచ్చిగ కనిపిస్తది. జోగినికి రహస్యమే లేదు. ఆమె ఇంటికి ఎవరు వస్తరో ఊరందరికీ తెలుసు. పిల్లలు ఎవరి పోలికో తెలుసు. దాచుకునే హక్కును ముందే గుంజుకున్నంక ఇక ఆమె మీద నువార్ సినిమా ఎట్ల తీస్తరు? దాచుకునేది వచ్చిపోయే మగవాడు, దాచిపెట్టేది వాని ఇంటి ఆడది. బహిరంగంగ బతకమని శాసించబడ్డది మాత్రం ఈమె.

తెలుగు సినిమాలో నేరం చేసే హక్కు ఏ ఆడదానికి ఇచ్చారో చూస్తే ఇదే బయటపడతది. 1985లో టి. కృష్ణ తీసిన 'ప్రతిఘటన'లో విజయశాంతి కాలేజీ లెక్చరర్. నడిబజార్ల ఆమెను అవమానిస్తే, చివరికి గొడ్డలి పట్టి నరుకుతుంది. హాళ్ళల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొట్టాల్సిందే. గాని ఆమె చదువు, ఆమె ఉద్యోగం, ఆమె మర్యాద ముందే కథలో పేర్చి ఉన్నయి కాబట్టే ఆ గొడ్డలి న్యాయమైంది. మూడేండ్లకు, 1988లో, బి. నర్సింగరావు 'దాసి' తీశారు. తెలంగాణ గడిలో కమలాక్షి అనే దాసి కథ. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన పాత్ర. దొర వల్ల నిలిచిన కడుపును ఆమె ఇష్టంతో పనిలేకుండ తీయించేస్తరు. ఆమెకు గొడ్డలి లేదు, ఈటె లేదు, అరుపు కూడా లేదు. నర్సింగరావు నిజాయితీని మేం శంకించడం లేదు, ఆ గడి మౌనాన్ని అంత నిబ్బరంగ చూపినవాళ్ళు ఇంకొకరు లేరు. అయినా రెండు సినిమాలను పక్కపక్కన పెడితే లెక్చరర్‌కు ఆయుధం దక్కింది, దాసికి మౌనం దక్కింది.

మన సముద్రపు ఒడ్డు సినిమా అంటే ఈ మధ్య అందరూ 'ఉప్పెన' పేరు చెప్తరు. 2021లో బుచ్చిబాబు సానా తీశారు, తెలుగులో ఉత్తమ చిత్రంగ జాతీయ అవార్డు కూడా వచ్చింది. అందులోనూ ఒక చేపల ఊరు, ఒక నేరం, ఒక రహస్యం ఉన్నయి. పేద చేపలవాని కొడుకును ప్రేమించిన కూతురు ఇల్లు విడిచిపోతే, తండ్రి రాయణం ఆ సంగతి ఊరికి తెలవనీయకుండ కూతురు ఇంట్లనే ఉన్నట్టు ఆరు నెలలు నడిపిస్తడు. కుర్రవాని మగతనాన్నే కోసేస్తడు. చివర కూతురు నిలబడి తండ్రిని కడిగేస్తది, ఆ ఘట్టం బలమైనదే. గాని చూడండి, ఇక్కడ కూడా రహస్యం దాచడానికి పెద్ద ఇల్లు, గేటు, పరువు ఉన్న మనిషే కావాల్సి వచ్చింది. కుర్రవాని ఇంటి ఆడవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఆ ఒడ్డున మగవాళ్ళు వేటకు పోతే చేప అమ్మేది, ఎండబెట్టేది, అప్పు తీర్చేది ఆడవాళ్ళు. కత్తి వాళ్ళ చేతిలోనే ఉంటుంది. అయినా ఆ చేతుల మీద ఒక నేర కథ అల్లుదామని తెలుగులో ఎవరికీ తోచలేదు. అమెరికావాళ్ళకు తోచింది. ఆ మాట ఒప్పుకోవాలె.

ఓషన్ వ్యూలో అలెక్సిస్ అనే ఇంకో అమ్మాయి ఉంది. గెయిల్ రాంకిన్ చేసింది. డీ స్నేహితురాలు. ఊరంతా తన శవాన్ని తను దాచుకునే పనిలో ఉంటే, డీ ఏమైందని పట్టువదలకుండ తిరిగేది ఈమె ఒక్కతే. చివరికి ఈనిడ్ ముఖం మీద దిండు అదిమి చంపేది కూడా ఈమెనే. మర్యాదస్తులైన ముసలమ్మలు ఇన్నేండ్లు మాటలతో చేయలేని పని ఈ పిల్ల తన చేతులతో చేస్తది. దీన్ని దర్శకులు తొందరగ దాటేశారని మా ఫిర్యాదు. అక్కాచెల్లెండ్ల నేరానికి తొంభై నిమిషాల సినిమా దక్కితే, అలెక్సిస్ నేరానికి కొన్ని నిమిషాలు దక్కినయి. ఆమె పని వల్ల లాభపడ్డది ఊరు. ఓషన్ వ్యూ పీడ విరగడైంది, ముసలమ్మల చేతికి మరక అంటలేదు. మన ఊళ్ళల్ల కూడా చచ్చిన పశువును తీయడం, శవం ముందు డప్పు కొట్టడం ఇట్లనే కొందరి చేతికి అప్పజెప్పి, చేతులు కడుక్కున్నవాళ్ళు శుభ్రంగ ఉంటరు.

ఇదంతా ఇతరుల మీద చెప్పడం తేలిక. మా సంగతి కూడా చెప్పాలె. మా ఇండ్లల్ల మొదటిసారి యూనివర్సిటీ గేటు దాటినవాళ్ళం మేం. పట్నంల ఇల్లు కిరాయికి అడిగినప్పుడు 'మీరేంటోళ్ళు' అన్న ప్రశ్నకు నీళ్ళు నమిలినం. ఇల్లు దొరికింది, తలుపు దొరికింది, తలుపుతో పాటు దాచుకునే అలవాటు కూడా వచ్చింది. మా ఇంటి ముసలవ్వల్లో ఒకామె ఎల్లమ్మకు ఇచ్చిన పిల్ల అన్న సంగతి మేం ఏ సెమినార్లనూ చెప్పలేదు, జోగిని వ్యవస్థ మీద పేపరు చదివినప్పుడు కూడా. 'వారు', 'ఆ మహిళలు' అని రాసినం. ఆమె ఊరందరి ముందు బతికిన బతుకును మేం మా పరువు కోసం రహస్యం చేసినం. ఈస్టర్ కోవ్ ముసలమ్మలను తప్పుపట్టేముందు ఈ మాట రాయకుంటే అబద్ధం అయితది.

రెండోసారి సినిమా వేసినప్పుడు మా వాడ నుంచి కొందరు అవ్వలు వచ్చి కూచున్నరు. శవాన్ని కోసే చోట పిల్లలు కండ్లు మూసుకున్నరు గాని వాళ్ళు మూసుకోలేదు. 'చేప కోసే కత్తికి అంత బొక్క తెగదు' అని ఒకామె అన్నది, మిగతావాళ్ళు నవ్వినరు. అక్కాచెల్లెండ్ల మీద వాళ్ళకు పెద్దగ జాలి కలగలేదు. తల్లి లేదు గాని దుకాణం ఉంది గదా అన్నరు. సినిమా అయిపోయి దీపం వేసినంక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆఖరికి మూలన కూచున్న ఒక ముసలామె అడిగింది, "ఆ దిండు పెట్టిన పిల్ల ఉన్నది గదా బిడ్డా, ఆ పిల్ల ఇగ ఆ రాత్రి యాడ పండుకుంటది?"

మాలో ఎవరికీ జవాబు దొరకలేదు. సినిమాను వెనక్కి తిప్పి చూసినం, అందులో కూడా లేదు. వచ్చే నెల 'దాసి' వేస్తం అని చెప్పి అందరం లేచినం.